ఒనెజిమ్ ఊళ్ళో లేని ఏళ్ళు

“నేను చెప్పాను సొలాంజ్. నీ పేరు రెండుసార్లు చెప్పాను. ఆ పత్రిక పిల్ల రాసుకోకపోతే నేనేం చెయ్యను?”

సొలాంజ్ చేతిలో ఆపిల్ గుండ్రంగా తిరుగుతోంది. తొక్క తెగకుండా పొడుగ్గా దిగి గిన్నెలో పడుతోంది. రేపు పూజ అయ్యాక, మేరాన్ వంశపు పూర్వీకుడు ఒనెజిమ్ పేరిట నిలబెట్టిన రాయి మీద తెర తీస్తారు, తర్వాత చర్చి హాల్లో రెండు వందల మందికి భోజనాలు. అందులో పదిహేను ఆపిల్ టార్టులు ఆమె వంతు.

బల్ల మధ్య వారపత్రిక పరిచి ఉంది. మూడో పేజీలో ఆడబిడ్డ మడ్లెన్ ఫొటో. మెడలో ముత్యాల దండ, ముందు తెరిచిన నోటుపుస్తకం, చూపుడువేలు ఒక పేరు మీద. ‘ద్వీపాంతరం వెళ్ళి తిరిగొచ్చినవాడి జాడ పట్టిన మేరాన్ ఆడపడుచు’ అని పైన పెద్ద అక్షరాలు. కింద చిన్న అక్షరాల్లో ‘ఇరవై ఏళ్ళ ఓపిక’ అని.

“ఆ నోటుపుస్తకం నాది,” అంది సొలాంజ్.

“నీదే. కాదని ఎవరన్నారు?”

“ఫొటోలో నా పుస్తకం ఉంది, నా దస్తూరీ ఉంది, నా కాఫీ మరక కూడా ఉంది. నేను లేను.”

మడ్లెన్ కుర్చీలో వెనక్కి వాలింది. మోంట్రియల్‌లో కాన్వెంటు బడి పంతులమ్మగా ముప్ఫై ఐదేళ్ళు చేసి, మొన్న వసంతంలో పెట్టెలతో సహా తమ్ముడింటికి వచ్చేసింది. అరవై ఏడేళ్ళ మనిషి. ఇప్పటికీ ఆమె మాట్లాడుతుంటే గదిలో వాళ్ళు కాళ్ళు దగ్గరికి తీసుకుని కూచుంటారు. ఆమె కోసం మేడ మీద గది ఖాళీ చేశారు. ఆ గదిలో ఉండే, వంశం వివరాలు రాసుకున్న సొలాంజ్ కార్డుల పెట్టెలు నేలమాళిగలో బంగాళాదుంపల పక్కకి చేరాయి. వాటిని సొలాంజే మోసింది.

“పత్రికవాళ్ళు ఎవర్ని అడుగుతారు? మేరాన్లని అడుగుతారు,” అంది మడ్లెన్. “నేను పుట్టడమే మేరాన్‌గా పుట్టాను. అది నా తప్పా?”

తలుపు దగ్గర గయెతాన్ వంగి బూట్లు తొడుక్కుంటున్నాడు. అరవై నాలుగేళ్ళకి వంగడం కాస్త కష్టం. అందుకే తల ఎత్తకపోవడానికి ఆయనకి మంచి సాకు దొరికింది.

“నువ్వేమంటావు?” అంది సొలాంజ్ భర్తతో.

“పత్రికకి ఉత్తరం రాద్దాం. పొరపాటు దిద్దమని.”

“రేపు రాయి మీద తెర లాగేదెవరో కూడా ఉత్తరంతో మారుతుందా?”

గయెతాన్ అక్కని చూశాడు. తర్వాత తన టోపీని చూశాడు. “రాయి పెట్టిస్తున్న కమిటీ వాళ్ళ నియమం అది, సొలాంజ్. రక్తంలో పెద్దవాళ్ళు లాగాలని. నా చేతిలో ఏముంది?”

“నీ చేతిలో ఎప్పుడేముంది కనక.”

ఆయన ఇంకేదో అనబోయి, టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. ట్రక్కు కదిలిన చప్పుడు అయింది. ఈ వారంలో ఆయన ఇలా లేచి వెళ్ళడం ఇది మూడోసారి. ఆపిల్ కోతలు అయిపోయి పదిహేను రోజులయింది. తోటలో పనేమీ లేదు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య కూచోలేక ఎక్కడో సహకార సంఘం కొట్టు దగ్గర నిలబడి వాతావరణం గురించి మాట్లాడుతుంటాడని సొలాంజ్ అనుకుంది. అక్కని ఒక్క మాట అనాలంటే ఈయన నోరు లేవదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఒక్కసారీ లేవలేదు.

మడ్లెన్ కూడా మేడ మీదికి వెళ్ళింది. ఉపన్యాసం సరిచూసుకోవాలట.

వంటింట్లో సొలాంజ్, అత్తగారు లెయొంతిన్ మిగిలారు. ఎనభై తొమ్మిదేళ్ళ లెయొంతిన్ పొయ్యి పక్కన ఊగుడు కుర్చీలో కళ్ళు మూసుకుని ఉంది. ఆమెకి ఎడమ చెవి వినపడదు. కుడి చెవి తనకి కావలసినప్పుడు వినపడుతుంది.

సొలాంజ్ కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఏప్రన్ జేబు పైనుంచి తడిమి చూసుకుంది. కాగితం అక్కడే ఉంది.

*

ఇరవై ఏళ్ళ కిందట ఇదంతా ఒక చలికాలపు కాలక్షేపంగా మొదలైంది. మామగారు అర్మాన్ బతికుండగా ఓసారి, తమ వంశంలో ఒకణ్ణి ఇంగ్లీషువాళ్ళు ఉరితీయబోయి ద్వీపాంతరం పంపారని అన్నాడు. పేరు ఒనెజిమ్ అని మాత్రమే ఆయనకి తెలుసు. అంతకుమించి ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. బయటినుంచి వచ్చిన కోడలికి తెలుసుకోవాలనిపించింది.

సొలాంజ్ వెతికింది. ఊరి చర్చిల్లో, మోంట్రియల్ దస్తావేజుల గదుల్లో, చలికాలం బస్సుల్లో తిరిగి వెతికింది. ఒనెజిమ్ మేరాన్ అనే రైతు 1838 నవంబరులో ఇంగ్లీషు పాలన మీద తిరగబడిన ఫ్రెంచి రైతులతో కలిసి ఈటె పట్టుకుని నడిచాడు. వారం తిరక్కుండా పట్టుబడ్డాడు. సైనిక న్యాయస్థానం ఉరిశిక్ష వేసింది. తర్వాత ఆ శిక్ష మార్చి, ఏభై ఏడుగురు తోటి ఖైదీలతో ఓడ ఎక్కించి సిడ్నీ పంపారు. అక్కడ రోడ్డుకి రాళ్ళు కొట్టాడు. క్షమాభిక్ష దొరికాక, 1845 జనవరిలో మంచులో స్లెడ్జి బండి మీద ఇల్లు చేరాడు. ఆ చేరిన తేదీ దొరికిన రోజున సొలాంజ్ మోంట్రియల్ బస్‌స్టాండులో ఒక్కతే కూచుని ఏడ్చింది. పక్కనున్న ముసలాయన ఏమీ అడక్కుండా తన చేతిగుడ్డ ఇచ్చి, బస్సు రాగానే తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. ఆ గుడ్డ ఇప్పటికీ ఆమె దగ్గరుంది.

ఒనెజిమ్ నుంచి గయెతాన్ దాకా వంశం కట్టడం తేలికే అయింది. ఈ ప్రాంతంలో అందరూ ఒకటే పద్ధతిలో కడతారు. పెళ్ళి రిజిస్టరులో వధూవరుల తల్లిదండ్రుల పేర్లుంటాయి. ఆ తల్లిదండ్రుల పెళ్ళి వెతికితే వాళ్ళ తల్లిదండ్రులు దొరుకుతారు. పెళ్ళి మీంచి పెళ్ళి మీదికి కాలు వేసుకుంటూ మూడు వందల ఏళ్ళు ఎక్కేస్తారు. బాప్తిస్మాల పుస్తకం ఎవరూ తెరవరు. తెరవాల్సిన పని రాదు. సొలాంజ్ కూడా తెరవలేదు. ఒనెజిమ్ కొడుకు దమాజ్, దమాజ్ కొడుకు ఉల్రిక్, ఉల్రిక్ కొడుకు అర్మాన్, అర్మాన్ పిల్లలు మడ్లెన్, గయెతాన్. దమాజ్ పుట్టిన ఏడు అడిగితే, తండ్రి తిరిగొచ్చిన మరుసటేడు అయుంటుందని తనే ఊహించి 1846 అని రాసిపెట్టింది. రేపటి కార్యక్రమం కాగితంలో అలాగే అచ్చయింది.

రాయి మీద వంశక్రమం చెక్కేవాడు మాత్రం ఊహలు చెక్కనన్నాడు. రూఢి చేసి చెప్పమన్నాడు.

మంగళవారం సొలాంజ్ ఫాదరుగారింటికి వెళ్ళింది. ఫాదరుగారికి ఇప్పుడు చూపు బాగా ఆనదు. పాత పుస్తకాలు ఆమె ముందు పెట్టి తను టీ కలపడానికి లోపలికి వెళ్ళాడు. 1846లో దమాజ్ లేడు. 45లో లేడు, 47లో లేడు. వెనక్కి తిప్పుకుంటూ పోగా 1842 జూన్ పదకొండున దొరికాడు.

‘నిన్న పుట్టిన దమాజ్. తల్లి మార్సెలీన్ ఎబేర్. ఆమె ఈ దేశంలో లేని ఒనెజిమ్ మేరాన్ భార్య.’

సొలాంజ్ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టుకుంది. ఒనెజిమ్ ఓడ ఎక్కింది 1839 సెప్టెంబరులో.

ఆమెకి మొట్టమొదట కలిగింది బాధ కాదు. ఆ సంగతి ఆమె దేవుడి దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. మొదట ఆమె గుండెల్లో ఏదో వెచ్చగా పాకింది. మడ్లెన్ కూడా బయటిదే, అనుకుంది. ఆ తర్వాతే భర్త గుర్తొచ్చాడు, ఇద్దరు కొడుకులు గుర్తొచ్చారు, ముఖం వేడెక్కింది. ఫాదరుగారు టీ తెచ్చేసరికి ఆమె నకలు రాసుకుని, పుస్తకం మూసేసి కూచుంది. ఆయన కప్పు ఆమె చేతికి అందించి, “దొరికాడా అమ్మా?” అని అడిగాడు. “ఇంకా చూడాలి ఫాదర్,” అంది.

నాలుగు రోజులుగా చూస్తూనే ఉంది.

*

“ఒక్క పది నిమిషాలు వింటావా? తేదీలు నీకంటే ఎవరికి బాగా తెలుసు?”

మడ్లెన్ మెట్లు దిగి వచ్చింది. చేతిలో నాలుగు పేజీలు. ఇది రాజీ అని సొలాంజ్‌కి అర్థమైంది. పిండి పరుస్తూ తల ఊపింది.

మడ్లెన్ చదివింది. బాగా చదివింది. ఈటెలు పట్టుకుని వెళ్ళిన రాత్రి, కాలిపోయిన ఇళ్ళు, ఓడ అడుగున గాలాడని అరలు. వాక్యాలు మడ్లెన్‌వి. లోపలున్న ప్రతి మేకూ సొలాంజ్ కొట్టిందే. ఓడలో తాగడానికి ఇచ్చిన నీళ్ళ కొలత దగ్గర్నుంచి.

“ఏప్రిల్ కాదు, ఫిబ్రవరి,” అంది సొలాంజ్ ఒకచోట.

మడ్లెన్ దిద్దుకుంది. ముందుకు చదివింది. “నేను ఆయన్ని చూడలేదు. కానీ అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఆయన దవడ నాకు కనిపిస్తుంది.”

“దవడ మీ అమ్మది.”

“ఉండు, పూర్తి కానీ. ‘సిడ్నీ ఎండలో రాళ్ళు కొట్టిన ఆ చేతుల రక్తమే ఈ చేతుల్లో పారుతోంది. కాగితాలు చెప్పలేనిది ఈ రక్తం చెబుతుంది.’”

అప్పడాల కర్ర ఆగింది.

“ఆ రక్తం మాట తీసెయ్యండి వదినా.”

“ఎందుకు?”

“బాగాలేదు.”

“బాగాలేదా, నీకు లేదనా?”

అనేశాక మడ్లెన్ నవ్వింది, మాట పదును తగ్గించడానికి. కానీ అది తగలవలసిన చోట తగిలింది. సొలాంజ్ చేతుల పిండి దులుపుకుంది. జేబులోంచి కాగితం తీసి, మడత విప్పి, వారపత్రికలో మడ్లెన్ ఫొటో మీద పెట్టింది.

“ఇది కూడా చదవండి. మీ గొంతు బాగుంటుంది.”

మడ్లెన్ కళ్ళజోడు సర్దుకుంది. పైకి చదవలేదు. ఆమె పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ మొదట్నుంచి కదిలాయి. పొయ్యి మీద కెటిల్ సన్నగా మూలుగుతోంది.

“ఆనాటి ఫాదరు తేదీ తప్పు రాసుండొచ్చు,” అంది మడ్లెన్.

“నేనూ అనుకున్నాను. ముందు పేజీలోనూ వెనక పేజీలోనూ అదే ఏడు.”

“వేరే ఒనెజిమ్ ఉండొచ్చు.”

“భార్య పేరు కూడా వేరే మార్సెలీన్ ఎబేరా? ఈ దేశంలో లేడని కూడా రాశాడు వదినా.”

మడ్లెన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. పంతులమ్మ పోయి ఒట్టి ముసలావిడ మిగిలినట్టు కనిపించింది. “ఎప్పుడు దొరికింది?”

“మంగళవారం.”

“మంగళవారం. అంటే నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగావు. నిన్న నాకు బఠానీల సూపు వడ్డించావు. ఉప్పు సరిపోయిందా అని అడిగావు.”

“అడిగాను.”

“దేనికోసం దాచావు?”

అబద్ధం చెప్పొచ్చు. మీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అనొచ్చు. సొలాంజ్‌కి ఆ అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. “మీరు రక్తం అనే మాట అనేదాకా ఆగాను,” అంది. “అంటారని తెలుసు.”

మడ్లెన్ తల ఊపింది, లెక్క సరిగ్గా చేసిన పిల్లని చూసి ఊపినట్టు.

“నీ మీద నాకెంత కుళ్ళో నీకు తెలీదు,” అంది మెల్లిగా. “ఆర్నెల్లయింది నేనొచ్చి. అమ్మ ఒక్కరోజు నా చేత తల దువ్వించుకోలేదు. సొలాంజ్ రానీ, అంటుంది. నాన్న పోయేముందు నేను బస్సు దిగి పరిగెత్తుకొస్తే, ఆయన నా చెయ్యి పట్టుకుని సొలాంజేది అన్నాడు. ఇల్లు నీది. వీళ్ళు నీవాళ్ళు. నాకు మిగిలింది ఇంటిపేరొక్కటి. అది మాత్రం నీకు రాదులే అనుకుని ధైర్యంగా ఉన్నాను.”

సొలాంజ్ ఈ మాటలు ఊహించలేదు. ఇన్నేళ్ళూ తను ఒక్కతే కిటికీ బయట నిలబడి లోపలికి చూస్తున్నాననుకుంది. లోపలున్నావిడ తనవైపే చూస్తోందని ఆమెకి తట్టలేదు.

“నా కొడుకులకీ అదే ఇంటిపేరు వదినా,” అంది. “ఇది మిమ్మల్ని ఒక్కరినే కొట్టదు.”

“ఆ సంగతి మంగళవారం ఎందుకు గుర్తు రాలేదు?”

“వచ్చింది. రెండోదిగా వచ్చింది.”

“మరి మొదటిది?”

మడ్లెన్‌కి జవాబు అక్కర్లేకపోయింది.

“గొంతు తగ్గించండి ఇద్దరూ,” అంది ఊగుడు కుర్చీ. “నా చెవి పనిచేస్తోంది.”

*

లెయొంతిన్ కళ్ళు తెరవకుండానే మాట్లాడింది.

“దమాజ్ ఆయన కొడుకు కాదు. నాకు తెలుసు. నా పెళ్ళయిన మూడో ఏడు మా అత్త చెప్పింది. ఆవిడకి వాళ్ళత్త చెప్పింది, దమాజ్ భార్య.”

“అమ్మా,” అంది మడ్లెన్.

“ఉండవే. తిరుగుబాటు అణిగాక సైన్యం వచ్చి మార్సెలీన్ ఇల్లు తగలబెట్టింది. నవంబరు. ఇద్దరు ఆడపిల్లలు చంకలో. ఎవరో పొరుగాయన కొట్టంలో చోటిచ్చాడు. మొగుడు బతికున్నాడో లేదో తెలీదు. ఒక చలికాలం గడిచింది, ఇంకోటి గడిచింది, మూడోదీ గడిచింది. దమాజ్ పుట్టాడు. ఆ పొరుగాయన పేరు అడక్కండి. నేను చెప్పను. వాళ్ళ మనవలు రేపు అదే హాల్లో కూచుని టార్టు తింటారు.”

“మరి ఒనెజిమ్?” అంది సొలాంజ్. తనకి తెలియకుండానే ఆమె చెయ్యి పెన్సిలు కోసం వెతికింది. పిండి తప్ప ఏమీ తగల్లేదు.

“ఒనెజిమ్ జనవరిలో వచ్చాడు. గడ్డం మీద మంచు కరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడట. మార్సెలీన్ పొయ్యివైపు తిరిగి ఉంది, ఇటు తిరగలేదు. పిల్లవాడు బల్ల కింద కూచుని రొట్టె తింటున్నాడు. రెండున్నరేళ్ళవాడు. దమాజ్‌కి గుర్తున్నదల్లా కొత్త మనిషి తడి బూట్లు. ఆయన కూచున్నాడు. ‘వీడి పేరేమిటి?’ అన్నాడు. ‘దమాజ్,’ అందావిడ, అటే తిరిగి. ఒనెజిమ్ తండ్రి పేరు అది.”

కుర్చీ రెండుసార్లు ఊగింది.

“ఆవిడ సూపు పోసింది. ఒక్క గిన్నె. ఇంట్లో అంతే ఉంది. ఆయన సగం తాగి, గిన్నె బల్ల కిందికి అందించాడు. అంతే. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.”

“క్షమించేశాడా?” అంది మడ్లెన్. ఆమె గొంతులో ఆశ ఉంది.

“ఏం క్షమించాడు. చచ్చేదాకా మార్సెలీన్‌ని ఒంటరిగా పిండిమరకి పంపలేదు. చర్చిలో ఆ పొరుగాయన ముందు వరసలో కూచుంటే ఈయన లేచి బయట మెట్ల మీద నిలబడేవాడు, మంచు పడుతున్నా సరే. నలభై ఏళ్ళు అలాగే. కానీ పొలం దమాజ్‌కే రాసిచ్చాడు. మనిషి రెండు పనులూ చెయ్యగలడు.”

ఉపన్యాసం పేజీలు మడ్లెన్ ఒళ్ళోంచి జారాయి. ఆమె వాటిని ఏరుకోలేదు. సొలాంజ్ వంగి ఏరింది, పేజీలు వరసలో పెట్టి బల్ల మీద ఉంచింది. అలవాటు.

“నాకు ఎందుకు చెప్పలేదమ్మా? పెద్దకూతుర్ని,” అంది మడ్లెన్.

“ఇది కూతుళ్ళకి చెప్పరు. కొడుకులకీ చెప్పరు. అత్త కోడలికి చెబుతుంది. మార్సెలీన్ కూడా ఈ ఇంటికి బయటినుంచి వచ్చిన పిల్లే గదా. ఇంకో బయటిపిల్లకే అర్థమవుతుందని వాళ్ళ నమ్మకం. అలాగే వచ్చింది మాట.”

సొలాంజ్ అత్తగారి కుర్చీ దగ్గరికి వెళ్ళింది.

“అత్తయ్యా, నేను ఈ ఇంటికొచ్చి ముప్ఫై ఎనిమిదేళ్ళయింది.”

“అవును.”

“ఇరవై ఏళ్ళు ఇదే వెతికాను. మీ ఎదురుగా. ఇదే బల్ల మీద.”

“చూశాను.”

“నేనూ కోడల్నే.”

లెయొంతిన్ అప్పుడు కళ్ళు తెరిచింది. ఎముకలు తేలిన చెయ్యి చాచి, సొలాంజ్ ముంజేతికి అంటిన పిండిని బొటనవేలితో తుడిచింది.

“నువ్వు రాస్తావమ్మా,” అంది. “నీకు చెబితే అది కార్డు మీదికెక్కుతుంది. మార్సెలీన్‌ని కార్డు మీద పెట్టడం నాకిష్టం లేకపోయింది.”

సొలాంజ్ మనసులో మడ్లెన్ మీద అసూయ ఆ క్షణంలో ఖాళీ అయిపోయింది. ఖాళీ అయి, ఎన్నడో మట్టిలో కలిసిన ఆడవాళ్ళ మీదికి మళ్ళింది. ఉల్రిక్ భార్య, దమాజ్ భార్య. ఒక్క కాగితం ముక్క చదవనివాళ్ళు. ఒక్క బస్సు ఎక్కనివాళ్ళు. ఈ పొయ్యి దగ్గర కూచునుండగానే వాళ్ళ ఒళ్ళో పెట్టిన దాన్ని, ఆమె ఫాదరుగారి గదిలో దొంగలా నకలు రాసుకుని తెచ్చుకుంది.

వెనకనుంచి మడ్లెన్ లేచిన చప్పుడైంది.

“రేపు తెర నువ్వే లాగు, సొలాంజ్.”

సొలాంజ్ తిరిగి చూసింది.

“నా భుజం నొప్పి అని చెబుతాను. వయసు చూసి ఎవరూ అడగరు. నువ్వు లాగు, నువ్వే మాట్లాడు. ఆ కాగితం మాత్రం తమ్ముడి కంట పడకూడదు.”

“నేను దానికోసం...” అంది సొలాంజ్.

“దానికోసమే చూపించావు. నేనేమీ తప్పు పట్టడంలేదు. నీ స్థానంలో ఉంటే నేను మంగళవారమే చూపించేదాన్ని.”

వద్దు అనాలి. ఇలా కాదు వదినా, అనాలి. ఆ మాట సొలాంజ్ నోటి దాకా రాలేదు. నవంబరు ఎండలో రోడ్డు పక్క నిలబెట్టిన రాయి, దాని మీద తెల్ల గుడ్డ, తన చేతిలో తాడు, అవి మాత్రమే కళ్ళ ముందుకొచ్చాయి. ఎంత కావాలనిపించిందో ఆమెకే సిగ్గేసింది. ఊరుకుంది. ఊరుకోవడాన్ని ఒప్పుకోవడం కింద మడ్లెన్ తీసుకుంది.

బయట ట్రక్కు ఆగింది.

*

గయెతాన్ చలిగాలితో పాటు లోపలికి వచ్చాడు. బూట్లు విప్పకుండానే వంటింటి మధ్యకి నడిచాడు. ఎప్పుడూ అలా చెయ్యడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

“అయింది,” అన్నాడు. “మొత్తానికి ఒప్పుకున్నాడు.”

“ఎవరు?” అంది మడ్లెన్.

“ఇంకెవరు, కమిటీ పెద్ద. సోమవారం వెళ్తే నియమం అన్నాడు. బుధవారం వెళ్తే ఆలోచిస్తానన్నాడు. ఇవాళ ఆయన ఇంట్లో ఉన్న వారపత్రికే ఆయన ముందు పరిచి అడిగాను. అయ్యా, ఈ ఫొటోలో ఉన్న పుస్తకం ఎవరిదో చెప్పండి, అన్నాను. నాకెప్పుడూ అంత మాట్లాడటం రాదు. ఎలా వచ్చిందో.” ఆయన సొలాంజ్ వైపు తిరిగాడు. “తాడుకి రెండు కొసలు కడుతున్నారు. ఒకటి అక్క పట్టుకుంటుంది, ఒకటి నువ్వు. రాయి అడుగున ఇత్తడి రేకు కూడా వేస్తున్నారు. ‘వెతికి తీసింది సొలాంజ్’ అని. అక్కా, నీకేమీ అభ్యంతరం లేదు గదా?”

“లేదురా,” అంది మడ్లెన్. ఆమె సొలాంజ్‌ని చూడలేదు.

సొలాంజ్ బల్ల అంచు పట్టుకుంది. సోమవారం. తనకి ఈ కాగితం దొరకడానికి ముందే ఆయన ఆ గుమ్మం ఎక్కాడు. ఇవాళ ఇంకో గంట తన చెయ్యి జేబులోకి పోకుండా ఉంటే, కోరుకున్నది కోరుకున్నట్టుగా, శుభ్రంగా, ఈ మనిషి చేతులతో తన దగ్గరికి నడిచి వచ్చేది.

“ఏమిటలా ఉన్నావు? సంతోషం లేదా?”

“ఉంది,” అంది.

“ఒక్కటే మిగిలింది. చెక్కేవాడు రాయి దగ్గరే ఉన్నాడు. చీకటి పడేలోపు ఆఖరి వరస చెక్కేస్తాడట. దమాజ్ పుట్టిన ఏడు రూఢిగా కావాలన్నాడు. ఆ రాయి ఎదురింటివాళ్ళకి ఫోన్ చేస్తే అతన్ని పిలుస్తారు.” మాట్లాడుతూనే ఆయన గోడకున్న ఫోను తీసి అంకెలు తిప్పాడు. తిప్పుతూ బల్ల మీద చూశాడు. “అదేనా? చర్చి రిజిస్టరు నకలా?”

మడ్లెన్ చెయ్యి కాగితం మీదికి కదిలింది. గయెతాన్‌దే ముందు అందింది. కళ్ళకి దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు.

“కళ్ళజోడు ట్రక్కులో వదిలేశాను. నువ్వే చదువు, నీ దస్తూరీయే గదా.” కాగితం సొలాంజ్ చేతిలో పెట్టి, ఫోనులోకి, “ఆ, నేనే, గయెతాన్ని. అతన్ని పిలవండి. పలకా సుద్దముక్కా తెచ్చుకోమనండి,” అన్నాడు.

ఊగుడు కుర్చీ ఆగిపోయింది.

సొలాంజ్ కాగితం కళ్ళ ముందుకి ఎత్తింది. చదవక్కర్లేదు, కంఠతా వచ్చు. అచ్చయిన కార్యక్రమంలో నలభై ఆరు, ఇక్కడ నలభై రెండు. కాగితం పైనుంచి అత్తగారి ముఖం కనిపిస్తోంది. మడ్లెన్ ముఖం కనిపిస్తోంది. రిసీవరు తనవైపు చాచి, ముప్ఫై ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఏదో గెలిచి వచ్చినవాడిలా నవ్వుతున్న భర్త ముఖం అన్నిటికంటే దగ్గరగా ఉంది.

“పద్దెనిమిది వందల,” అంది.

గయెతాన్ ఆ మాట ఫోనులో అందించాడు.

“నలభై...” అంది సొలాంజ్, ఆగింది.

“నలభై,” అన్నాడు గయెతాన్ ఫోనులోకి. ఇటు తిరిగి, “నలభై ఎంత?” అని అడిగాడు.